ఇంటికి వచ్చే కీమో: ఏ మందు, ఎవరికి, ఎవరి అండతో?

రొమ్ము క్యాన్సర్ ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో పాకిందని తేలిన నాటి నుంచి ఆ ఇంట్లో రోజులు ఆసుపత్రి లెక్కన నడవడం మొదలవుతుంది. మంగళవారం రక్త పరీక్ష, బుధవారం డాక్టరు, గురువారం కీమో, పై వారం రక్తకణాల కౌంట్ పడిపోయిందేమో చూపించుకోవడానికి మళ్ళీ ప్రయాణం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చే మనిషికి గంటలో ఎక్కిపోయే మందు కోసం రెండు రోజులు పోతాయి. తోడు వచ్చిన భర్తకో, కొడుక్కో ఆ రెండు రోజుల కూలీ పోతుంది. ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకోవడానికి ఇంకొకరు కావాలి.

క్యాన్సర్ వైద్యుడు అర్జున్ గుప్తా, కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ ఐసెన్‌హవర్, క్రిస్టఫర్ బూత్ కలిసి 2022లో ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాశారు. వాంతులూ జుట్టు రాలడమూ కీమో దుష్ప్రభావాలైనట్టే, అది తినేసే కాలం కూడా దుష్ప్రభావమేనని, దాన్నీ కొలవాలని వాళ్ళ వాదన. కొలిచే పద్ధతి కూడా సూటిగా చెప్పారు. రక్తం ఇవ్వడానికి పది నిమిషాలకే వెళ్ళినా, ఆసుపత్రి గడప తొక్కిన రోజు మొత్తం పోయినట్టే లెక్క. మన ఊళ్ళ నుంచి బస్సెక్కి వెళ్ళేవాళ్ళకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

జబ్బు ఇలా పాకిన నాలుగో దశలో ఈ లెక్కకు మరీ బరువు ఎక్కువ. తొలి దశల్లో ఇచ్చే కీమోకి ఒక చివర ఉంటుంది. ఆరు సైకిళ్ళో, ఎనిమిదో పూర్తి చేస్తే అయిపోయిందనుకుంటారు. పాకిన క్యాన్సర్‌లో వైద్యం ఉద్దేశం వేరు. చాలామందిలో జబ్బును పూర్తిగా తుడిచేయడం కుదరదు. దాన్ని అదుపులో పెట్టి ఆయుష్షు పెంచడం, నొప్పి తగ్గించి మనిషిని తన పనులు తాను చేసుకునేలా ఉంచడం చేయవచ్చు. ఒక మందు పనిచేసినంత కాలం దాన్నే ఇస్తారు, పట్టు తప్పితే ఇంకోటి మొదలుపెడతారు. నెలలే కాదు, కొందరిలో ఏళ్ళ తరబడి ఇలాగే సాగుతుంది. ముగింపు తేదీ లేని వైద్యం కాబట్టి, అది ఎక్కడ జరుగుతుందన్న ప్రశ్న జీవితం ఎలా గడుస్తుందన్న ప్రశ్నతో ముడిపడి ఉంటుంది.

మన దేశంలో 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98,000 మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. మన దగ్గర చాలామందికి జబ్బు ముదిరాకే తెలుస్తుంది. అందుకే ఇంటి దగ్గర కీమో అనే మాట మనకు పరాయి దేశపు ముచ్చట కాదు.

ఒక్క మాటలో మూడు రకాల మందులు

"ఇంట్లోనే కీమో ఇస్తారట" అని ఎవరైనా చెబితే ముందు అడగాల్సిన ప్రశ్న: ఏ మందు? నరంలోకి సెలైన్‌తో ఎక్కించేవి ఒక రకం. చర్మం కిందో, కండలోకో వేసే ఇంజెక్షన్లు రెండో రకం. మింగే మాత్రలు మూడో రకం. ఈ మూడింటి ప్రమాదాలు వేరు, వాటికి కావాల్సిన ఏర్పాట్లు వేరు. వీటినన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఇంటి కీమో అనగానే కొందరు అనవసరంగా భయపడతారు, ఇంకొందరు అవసరమైన చోట కూడా భయపడరు.

సెలైన్‌తో ఎక్కించే మందుల్లో డోక్సోరుబిసిన్, నరానికిచ్చే వినోరెల్బిన్ లాంటివి నరం నుంచి బయటికి కారితే చుట్టూ ఉన్న చర్మాన్నీ కండనూ కాల్చేస్తాయి. చేతి మీద బొబ్బతో మొదలై మానని పుండు దాకా పోవచ్చు. పాక్లిటాక్సెల్‌తో ఇంకో రకం ప్రమాదం. మొదటి లేదా రెండో మోతాదులో, అదీ మందు మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే, కొందరికి ఒళ్ళంతా ఎర్రబడి ఊపిరి ఆడక బీపీ పడిపోతుంది. ఆ క్షణంలో మందు ఆపి, అడ్రినలిన్, ఆక్సిజన్ ఇవ్వగల మనుషులు పక్కనే ఉండాలి. ఇవి కాక మందు కలపడమే ఒక ప్రత్యేకమైన పని. గాలిని వడగట్టే ప్రత్యేకమైన అరలో, గ్లౌజులు, గౌను వేసుకుని శిక్షణ ఉన్న ఫార్మసిస్టు కలపాలి. వంటింటి గట్టు మీద చేసే పని కాదది. కలిపాక కొన్ని మందులు కొద్ది గంటలే నిలవ ఉంటాయి, దారిలో ట్రాఫిక్‌లో ఆగిపోతే అంతే సంగతులు. వాడేసిన సీసాలు, గొట్టాలు, సూదులు మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకూడదు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం కీమో వ్యర్థాలను గుర్తు వేసిన పసుపు సంచిలో వేసి వేరుగా కాల్చివేతకు పంపాలి.

ఇంత ఏర్పాటు ఉన్నచోట సెలైన్ కీమోను కూడా ఇంటికి తీసుకెళ్తున్నారు. ఫ్రాన్స్‌లో ఇంటినే ఆసుపత్రి వార్డుగా లెక్కించే పద్ధతి పారిస్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 1957లోనే మొదలైంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు కలిసి 2013లో మొదలుపెట్టిన కీమో ఎట్ హోమ్ అనే సంస్థ అనుభవమున్న నర్సులను ఇళ్ళకు పంపుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం నడిపే పథకంలో కరోనాకు ముందు దాదాపు 40 మందే ఉండేవారు, 2020 వసంతంలో కొన్ని వారాల్లోనే ఆ సంఖ్య 300 దాటింది. బయటికి వస్తే వైరస్ సోకుతుందన్న భయం, ఏళ్ళుగా నానుతున్న పనిని వారాల్లో చేయించింది.

అయితే సరిగ్గా అదే 2020లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, నరంలోకి ఎక్కించే క్యాన్సర్ మందులను మామూలు పద్ధతిగా ఇళ్ళలో ఇవ్వడాన్ని తాము సమర్థించబోమని ప్రకటించింది. ఒక్కో రోగి పరిస్థితిని బట్టి, డాక్టరూ రోగీ కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు తప్ప, బీమా కంపెనీలు ఖర్చు తగ్గుతుందని అందరినీ ఇంటికి నెట్టకూడదని వాళ్ళ ఆందోళన. అంత సంపన్న దేశంలోనే అంత జాగ్రత్త అవసరమైతే, 108 అంబులెన్సు మీదే ఆధారపడే మన పల్లెలో చర్మాన్ని కాల్చే మందును నరంలోకి ఎక్కించడం సరైన పని కాదని నా నిశ్చితాభిప్రాయం. కొన్ని ప్రైవేటు సంస్థలు పెద్ద నగరాల్లో ఈ సేవ ఇస్తున్నాయి. మొదటి రెండు మోతాదులూ ఆసుపత్రిలో ఏ రియాక్షనూ లేకుండా గడిచి, ఛాతీలో కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే సాధనం) ఉండి, అనుభవమున్న ఆంకాలజీ నర్సు మందు పూర్తయ్యే దాకా పక్కనే కూర్చుని, పెద్దాసుపత్రి అరగంట దూరంలో ఉంటే ఆలోచించవచ్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు. ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత "సెలైన్ పెట్టించేద్దాం" అనుకోవడం అసలే వద్దు.

ఇంజెక్షన్ల సంగతి వేరు. హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ మొదట్లో నరంలోకే ఇచ్చేవారు, తొలి మోతాదు గంటన్నర ఎక్కేది. దాన్ని తొడ చర్మం కింద రెండు నుంచి ఐదు నిమిషాల్లో ఇచ్చే రూపానికి ఐరోపా 2013లో అనుమతి ఇచ్చింది. పెర్టుజుమాబ్, ట్రాస్టుజుమాబ్ రెండూ ఒకే సిరంజిలో కలిసి వచ్చే ఫెస్గోకి 2020 జూన్‌లో అమెరికా అనుమతి వచ్చింది. మొదటిసారి 8 నిమిషాలు, ఆ తర్వాత మూడు వారాలకోసారి 5 నిమిషాలు. నరంలోకి ఇస్తే ఇవే రెండు మందులకు గంటల తరబడి పట్టేది. చర్మం కింద కొవ్వులో ఇంత మందు ఇమడటానికి హయలురొనిడేజ్ అనే ఎంజైమ్‌ను కలుపుతారు, అది కణాల మధ్య జిగురును కాసేపు వదులు చేసి మందుకు దారి ఇస్తుంది. ఇవి కణాలను విచక్షణ లేకుండా చంపే పాత తరం కీమో మందులు కావు, క్యాన్సర్ కణం మీది ఒక గుర్తును పట్టుకునే యాంటీబాడీలు. అందుకే నర్సు ఇంటికి వచ్చి ఇవ్వడానికి అనువైనవి. గుండె పనితీరును మాత్రం కొన్ని నెలలకోసారి ఎకో తీసి చూడాల్సిందే.

హార్మోన్ పాజిటివ్ జబ్బుకి ఇచ్చే ఫుల్వెస్ట్రాంట్‌ను రెండు పిరుదులకూ చెరొక ఇంజెక్షనుగా నెలకోసారి వేస్తారు. ఎముకలకు పాకినప్పుడు అవి విరగకుండా ఇచ్చే డెనోసుమాబ్ చర్మం కింద వేసేదే. కీమో మర్నాడు తెల్ల రక్తకణాలు పెరగడానికి వేసే ఇంజెక్షన్ ఇంకోటి ఉంది. దానొక్కదాని కోసం ముందు రోజే కీమో చేయించుకుని నీరసంగా ఉన్న మనిషిని మళ్ళీ పెద్దాసుపత్రికి తిప్పనక్కర్లేదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, ఐస్ ప్యాక్‌తో జాగ్రత్తగా తీసుకెళ్తే దగ్గర్లోని నర్సు వేయగలదు. ఇంటి వైద్యంలో మనం వెంటనే, పెద్ద ఖర్చు లేకుండా చేయగల మేలు ఈ ఇంజెక్షన్ల దగ్గరే ఉంది.

అసలు ఇంటి కీమో మాత్రల డబ్బాలోనే ఉంది

తెలుగు నాట వేలాది ఇళ్ళలో కీమో ఇప్పటికే జరుగుతోంది. అలమరలో, దేవుడి గూట్లో, ఫ్రిజ్ మీద ఉన్న మాత్రల డబ్బాల్లో ఉంది. దాన్ని చాలామంది కీమో అనుకోరు. "కీమో అయిపోయింది, ఇప్పుడు మాత్రలే వాడుతున్నాం" అంటారు. ఆ మాత్రలు కేపెసిటబైన్ అయితే అది అచ్చమైన కీమోనే.

పాకిన రొమ్ము క్యాన్సర్‌కి ఈ మందును అమెరికా 1998లో అనుమతించింది. అది కడుపులోకి వెళ్ళేటప్పుడు పూర్తి మందు కాదు. కాలేయంలోనూ కణజాలంలోనూ మూడు మెట్లలో మారి చివరికి 5-ఫ్లోరోయురాసిల్ అనే పాత కీమో మందు అవుతుంది. చివరి మెట్టును నడిపే ఎంజైమ్ మామూలు కణాల కంటే చాలా క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా ఉంటుంది. అంటే మందు తయారీలో చివరి భాగం ఎక్కువగా గడ్డ దగ్గరే జరగాలని దీని రూపకల్పన. వెంట్రుకలు సాధారణంగా పూర్తిగా రాలవు, వాంతులు తక్కువ. మంచి మందు. కానీ దాని బాగోగులు చూసే భారం నర్సు చేతి నుంచి ఇంట్లోవాళ్ళ చేతికి మారిపోతుంది.

సాధారణ శరీరాకృతి ఉన్న స్త్రీకి పొద్దున మూడు, రాత్రి మూడు 500 మిల్లీగ్రాముల మాత్రలు రాస్తారనుకుందాం. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. ఒక్క విడతకు 84 మాత్రలు. అన్నం తిన్న అరగంటలోపు నీళ్ళతో మింగాలి, నమలకూడదు, పొడి చేయకూడదు. ఏడు రోజుల విరామం మరిచి వరుసగా వేసుకుంటూ పోవడం ప్రాణాంతకం. విరేచనాలు మొదలైనా "కోర్సు మధ్యలో ఆపకూడదు కదా" అని వేసుకుంటూ పోవడం కూడా అంతే ప్రమాదం. యాంటీబయాటిక్ కోర్సు గురించి మనకు నూరిపోసిన మాట ఇక్కడ వర్తించదు. మామూలుగా వెళ్ళే దానికంటే రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైతే మాత్రలు ఆపి, ఓఆర్‌ఎస్ తాగుతూ వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. నోట్లో పుళ్ళు పడి అన్నం మింగలేకపోయినా అదే నియమం. కొద్ది రోజులు ఆపడం వల్ల జబ్బు తిరగబడదు. ఆపకపోవడం వల్ల మనిషి పోవచ్చు.

కొందరిలో ఈ మందును విరిచే డీపీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వాళ్ళకు మామూలు మోతాదే విషమవుతుంది, మొదటి విడతలోనే తీవ్రమైన విరేచనాలు, పుళ్ళు, కౌంట్ పడిపోవడం కనిపిస్తాయి. మందు మొదలుపెట్టే ముందు ఈ ఎంజైమ్ పరీక్ష చేయాలని ఐరోపా ఔషధ సంస్థ 2020లో సిఫారసు చేసింది. మన దగ్గర కూడా కొన్ని ల్యాబులు చేస్తున్నాయి. డాక్టరును అడగడంలో తప్పులేదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడేవాళ్ళు తప్పక ముందే చెప్పాలి. నీరసానికి మందుల షాపులో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా ఈ మందు తీవ్రతను పెంచగలవు.

ఇక అరిచేతులు, అరికాళ్ళు. ఎర్రబడి, మండి, తోలు లేచి, పగుళ్ళిచ్చి, చివరికి గ్లాసు పట్టుకోలేని, చెప్పు తొడగలేని స్థితికి తెస్తుంది ఈ మందు. రాపిడి, వేడి దాన్ని పెంచుతాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దీనికి చవకైన మందు ఒకటి కనిపెట్టారు. మోకాళ్ళ నొప్పులకు రాసుకునే డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌ను రోజుకు రెండుసార్లు చేతులకు రాసిన వాళ్ళలో ఈ ఇబ్బంది చెప్పుకోదగ్గ స్థాయిలో 3.8 శాతం మందికి వస్తే, మందు లేని ఉత్త జెల్ రాసిన వాళ్ళలో 15 శాతం మందికి వచ్చింది. ఈ ఫలితం 2024లో అచ్చయింది. అమెరికాలో మరో అధ్యయనం, 14 రోజులు వేసి 7 రోజులు ఆపే బదులు 7 రోజులు వేసి 7 రోజులు ఆపితే పాకిన రొమ్ము క్యాన్సర్‌లో జబ్బు అదుపు దాదాపు అలాగే ఉండి, విరేచనాలూ చేతుల మంటా బాగా తగ్గాయని చూపింది. ఈ రెండూ మీ డాక్టరు దగ్గర ప్రస్తావించదగినవే. సొంతంగా మోతాదు మార్చుకోవడం మాత్రం చేయకండి.

హార్మోన్ పాజిటివ్ జబ్బులో లెట్రోజోల్‌తో కలిపి ఇచ్చే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ కూడా ఇంట్లో వేసుకునే మాత్రలే. ఇవి కీమో కావు, కణ విభజనను ఆపే మందులు. చాలామందిలో సెలైన్ కీమో అవసరాన్ని ఏళ్ళ పాటు వెనక్కి నెట్టాయి. పాల్బోసిక్లిబ్ పేటెంటు మన దేశంలో 2023 జనవరిలో ముగిసి, దేశీయ కంపెనీలు చేయడం మొదలుపెట్టాక ధర బాగా పడిపోయింది. మధ్యతరగతి ఇళ్ళకు అందిన మేలు ఇది. పాల్బోసిక్లిబ్‌తో కౌంట్ పడిపోతుంది కాబట్టి రక్త పరీక్షలు, రైబోసిక్లిబ్‌తో ఈసీజీ తప్పవు. ఈ మాత్రలు వాడేటప్పుడు పంపర పనస పండు తినకూడదు, దానిలోని పదార్థాలు మందును ఒంట్లో పేరుకునేలా చేస్తాయి.

డబ్బాలో మాత్రలు తీసి ఇచ్చేవాళ్ళు గ్లౌజు వేసుకోవాలి, లేదా మూతలోకి ఒంపి ఇచ్చి చేతులు కడుక్కోవాలి. గర్భిణులు ముట్టకూడదు. కీమో తీసుకున్నాక కనీసం 48 గంటలు మూత్రంలో, వాంతిలో మందు ఆనవాళ్ళు ఉంటాయి. మరుగుదొడ్డి వాడాక రెండుసార్లు ఫ్లష్ చేయడమో, ఎక్కువ నీళ్ళు పోయడమో చేయాలి. తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. ఇది అంటు కాదు. పక్కన కూర్చోవడం, కలిసి తినడం, ముద్దు పెట్టుకోవడం మానక్కర్లేదు. మనవళ్ళను దూరం పెట్టి ఆ తల్లిని ఒంటరిని చేసే ఇళ్ళు ఉన్నాయి కాబట్టి ఇంత విడమర్చి చెప్పాల్సి వస్తోంది.

ఫోన్ ఎత్తే మనిషి

ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు చూస్తుంది, జ్వరం కొలుస్తుంది, ముఖం చూసి ఏదో తేడాగా ఉందని పసిగడుతుంది. ఇంట్లో ఆ కన్ను ఉండదు. దాని లోటును ఎలా పూడ్చాలన్నదే ఇంటి కీమోలో అసలు ప్రశ్న అని నేను నమ్ముతాను.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో ఈతన్ బాష్ బృందం చేసిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం. రొమ్ము, ఊపిరితిత్తులు తదితర అవయవాల్లో పాకిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిని తీసుకుని, కొందరి చేత తమ బాధలను క్రమం తప్పకుండా కంప్యూటర్లో నమోదు చేయించారు. ఆయాసమో, నొప్పో, వాంతులో పెరిగితే నర్సుకు వెంటనే సందేశం వెళ్ళేది, నర్సు ఫోన్ చేసేది. మిగతావాళ్ళకు మామూలు పద్ధతే. మధ్యస్థ ఆయుష్షు మామూలు పద్ధతిలో 26 నెలలు, బాధలు చెప్పుకున్న వాళ్ళలో 31.2 నెలలు. ఐదు నెలల తేడా. పాకిన క్యాన్సర్‌లో కొత్త మందు ఒకటి ఇంత మేలు చేస్తే దాన్ని లక్షల రూపాయలకు అమ్ముతారు. ఇక్కడ పనిచేసింది ఒక ప్రశ్నాపత్రం, దాన్ని చదివి స్పందించిన నర్సు.

మన దగ్గర దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. వారానికి రెండుసార్లు తెలుగులో ఫోన్ చేసి, జ్వరం ఉందా, విరేచనాలు ఎన్ని, చేతులు మండుతున్నాయా, అన్నం తింటున్నారా, ఎన్ని మాత్రలు మిగిలాయి అని అడిగే ఒక నర్సు చాలు. చదువు రాని స్త్రీకి రంగు గుర్తులతో ఒక కార్డు ఇచ్చినా సరిపోతుంది. ఇప్పుడు చాలామందికి జరుగుతున్నది ఏమిటంటే, మూడు వారాలకు సరిపడా మాత్రలు ఇచ్చి "మళ్ళీ రండి" అని పంపడం. ఆ మూడు వారాల మధ్య ఏం జరిగినా వాళ్ళకు తెలిసిన దారి ఊళ్ళో ఆర్‌ఎంపీయే.

జ్వరం సంగతి మరీ ముఖ్యం. కీమోలో ఉన్న మనిషికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన జ్వరం. తెల్లకణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లో రక్తమంతా పాకుతుంది. "పారాసెటమాల్ వేసి పొద్దున చూద్దాం" అనుకుంటే జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పని అది చేసుకుపోతుంది. ముందు జ్వరం కొలిచి, డాక్టరుకు చెప్పాకే మాత్ర. థర్మామీటరు లేని ఇంట్లో కీమో మాత్రలు ఉండకూడదు.

ఇల్లు ఆమెకు విశ్రాంతి స్థలమేనా?

ఇంటి వైద్యం గురించి రాసేవాళ్ళు, ఇల్లంటే ప్రశాంతమైన చోటని ముందే అనుకుని రాస్తారు. చాలామంది రోగులు ఇంటినే కోరుకుంటారన్నది అధ్యయనాల్లో కూడా తేలిన నిజమే. ఆసుపత్రిలో గడిపే సమయం తగ్గించే మందునూ అలాగే కోరుకుంటారు: చర్మం కింద ఇచ్చే ట్రాస్టుజుమాబ్‌ను, నరంలోకి ఇచ్చే దాన్ని రెండూ ఇచ్చి చూసి అడిగితే పదిమందిలో తొమ్మిది మంది మొదటిదే కావాలన్నారు. కానీ మన ఇళ్ళలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి ఇల్లు పని చేసే చోటు కూడా. ఆసుపత్రి మంచం మీద ఆమె రోగి. ఇంట్లో అడుగు పెట్టగానే ఆమె మళ్ళీ ఆ ఇంటి ఇల్లాలు. చేతులు మండుతున్నా గిన్నెలు తోముతుంది, వేడి గంజి వారుస్తుంది, బట్టలు పిండుతుంది. కేపెసిటబైన్ వాడే మనిషి చేయకూడని పనులన్నీ సరిగ్గా ఇవే. పైకి జుట్టు ఉంది, మాత్రలే కదా వేసుకుంటోంది, అందుకని ఆమెకు జబ్బు తగ్గినట్టే ఇంట్లోవాళ్ళకు కనిపిస్తుంది. ఆమె కూడా చెప్పుకోదు.

అందుకే ఇంటి కీమో రాసే డాక్టరు భర్తనో, అత్తగారినో, పిల్లలనో కూర్చోబెట్టి, ఈ మందు వాడినన్నాళ్ళూ పొయ్యి దగ్గరి పని, తోమే పని, ఉతికే పని ఆమెతో చేయించవద్దని మందు చీటీ మీద రాసి ఇవ్వాలని నా విన్నపం. మనవాళ్ళు సలహా వినకపోయినా చీటీ మీది రాతకు విలువ ఇస్తారు.

ఇంకో వైపు, కొందరికి ఆసుపత్రే మేలు. అద్దె ఇంట్లో పక్కవాళ్ళకు తెలియకూడదని దాచుకుంటున్న వాళ్ళున్నారు. యూనిఫాంలో నర్సు వస్తే గుట్టు బయటపడుతుందని వాళ్ళ భయం. డే కేర్ వార్డులో పక్క కుర్చీలో కూర్చున్న మరో స్త్రీతో మాట్లాడటమే కొందరికి పెద్ద ధైర్యం. ఒంటరిగా ఉండే పెద్దావిడకు, ఫోన్ సరిగా పట్టని ఊరివాళ్ళకు, గుండెజబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్ళకు ఇల్లు సరైన చోటు కాదు. "ఇంటికి తీసుకెళ్ళండి" అని డాక్టరు అంటే ఇక ఆశ లేదని అర్థం చేసుకునే అలవాటు కూడా మనలో బలంగా ఉంది. ఇంటి కీమో అంటే వైద్యం ఆపడం కాదని మొదటి రోజే కుటుంబానికి విప్పి చెప్పకపోతే, ఆమె మాత్రలు మింగుతూ మనసులో చావు కోసం ఎదురుచూస్తుంది.

మన రాష్ట్రాల్లో ఏం చేయవచ్చు

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ. మన పెద్ద కేంద్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక పేదలకు కీమో ఖర్చు చాలా తగ్గింది. కానీ ఆ వైద్యం నెట్‌వర్క్ ఆసుపత్రితో ముడిపడి ఉంది. మందు ఉచితమైనా ప్రయాణం ఉచితం కాదు.

2025-26 కేంద్ర బడ్జెట్, మూడేళ్ళలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఒక్క ఏడాదే 200 ప్రారంభిస్తామని చెప్పింది. సెలైన్‌తో ఎక్కించే కీమోకి నా దృష్టిలో ఇదే సరైన చోటు. ఇంగ్లాండులో కూడా ఒక ధార్మిక సంస్థ 2007లో కీమో కుర్చీలున్న పెద్ద వ్యాన్లను ఊళ్ళకు పంపడం మొదలుపెట్టింది. ఇంటికీ పెద్దాసుపత్రికీ మధ్య దారి ఇది. మొదటి రెండు మోతాదులు పెద్దాసుపత్రిలో ఇచ్చి, మిగతావి జిల్లా కేంద్రంలో ఇస్తే ఆదిలాబాద్ మనిషి ఆదిలాబాద్‌లోనే కీమో చేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.

ఇంజెక్షన్లకూ మాత్రలకూ కావాల్సిన మనుషులు కూడా కొంతవరకు మన దగ్గర ఉన్నారు. తెలంగాణలో "ఆలన" పేరుతో పాలియేటివ్ బృందాలు వ్యాన్లలో మంచాన పడ్డ రోగుల ఇళ్ళకు వెళ్తున్నాయి. నొప్పికి మార్ఫిన్ ఇవ్వడం, పుండ్లు కడగడం వాళ్ళు చేస్తున్న పని. అలాంటి నర్సులకే కీమో మాత్రల దుష్ప్రభావాలు గుర్తించడం, చర్మం కింద ఇంజెక్షన్లు వేయడం, ఇంట్లోనే రక్తం తీసి ల్యాబుకు పంపడం నేర్పితే, ఇంటి వైద్యానికి కావాల్సిన వెన్నెముక చాలావరకు సిద్ధమైనట్టే. ఆంధ్రప్రదేశ్ కూడా ఇలాంటి బృందాలను ఏఎన్ఎంలతో, ఆశా కార్యకర్తలతో కలిపి కట్టుకోవచ్చు. పెద్దాసుపత్రిలో రాత్రింబవళ్ళు ఫోన్ ఎత్తే ఆంకాలజీ నర్సు ఒకరుండాలి. ఆ జీతం వ్యర్థం కాదని స్లోన్ కెటరింగ్ లెక్క చూపిస్తోంది.

ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళకు ఒక సమాచారం. బీమా నియంత్రణ సంస్థ ఆధునిక చికిత్సల జాబితాలో నోటి ద్వారా తీసుకునే కీమోను కూడా చేర్చింది, కంపెనీలు దాన్ని పూర్తిగా మినహాయించడానికి వీల్లేదు. కొంత పరిమితి పెట్టవచ్చు. "ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి డబ్బు రాదు" అంటే ఊరుకోకుండా, పాలసీలో ఆ పరిమితి ఎంతో రాతపూర్వకంగా అడగండి.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో మాత్రలు రాసిన రోజు, ఆసుపత్రి నుంచి కదలకముందే మందు చీటీ మీద నాలుగు విషయాలు తెలుగులో రాయించుకోండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వేసుకోవాలి, ఏ తేదీన ఆపాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆపేయాలి, అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరుకు అక్కడే నిలబడి ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎవరూ ఎత్తకపోతే, ఎత్తే నంబరు ఇచ్చేదాకా అడగండి. అది మీ హక్కు.